ఎడమ జబ్బ మీద జాగా లేదు

టీకాల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముసలాయన పాత సంగతులు చెప్తాడని ఎవరో చెప్పి పంపిస్తారు. చాయ్ తాగుతూ, "జనానికి ఎంత చెప్పినా అర్థం కాదు సార్" అని మొదలుపెడతారు. ఆ మాట వింటే నాకు నవ్వాగదు. మీ వయసులో నేనూ అచ్చం ఆ మాటే అనేవాణ్ణి, అదీ మీకంటే గట్టిగా. ఒక లంబాడి ముసలమ్మ నా చేత ఆ మాట మానిపించింది. అదెట్లా జరిగిందో చెప్తాను. నా పరువు కొంచెం పోయే సంగతే గాని, ఈ వయసులో నా పరువుతో ఎవరికి పని.

మాది నారాయణపేట, మగ్గాల ఇల్లు. మా బాపు పొద్దున మగ్గం గుంటలో కాళ్ళు పెడితే దీపాలు పెట్టే వేళకే లేచేవాడు. నాకు మగ్గం అచ్చిరాలేదు. నేను నేసిన చీర అంచు ఒక పక్కకు పోతే కొంగు ఇంకో పక్కకు పోయేది. అరవైల మొదట్లో మశూచి టీకాలు వెయ్యడానికి సర్కారు మనుషుల్ని తీసుకుంటున్నదని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెబితే బాపు మగ్గం మీద ఆడే నాడె ఆపకుండానే విని, "అంటే సీరెలు ఖరాబు చేసుడు బందు వెట్టి మనుషుల పెయ్యి మీద పడ్డవన్నమాట" అన్నాడు. అంతకంటే ఆశీర్వాదం ఏదీ ఆయన నోటి నుంచి రాలేదు.

మశూచి అంటే మీకు తెలియదు. మీకు తెలియకపోవడమే మేము సంపాదించింది. ఊళ్ళో ఒకరికి 'అమ్మ పోసింది' అంటే చాలు, వాకిళ్ళకు వేపమండలు ఎక్కేవి, మాటలు తగ్గిపోయేవి. బతికినవాళ్ళు ముఖం నిండా గుంటలతో, కొందరు కళ్ళు పోయి మిగిలేవాళ్ళు. మా చేతిలో ఉన్నది పళ్ళున్న ఒక చిన్న చక్రం సూది. మందు చుక్క చర్మం మీద వేసి, దాని మీద సూది ఆనించి గిర్రున తిప్పాలి. నెత్తురు రావొద్దు, గీర మాత్రం పడాలి. ఎక్కడ వెయ్యాలో కూడా రూలు ఉంది. ఎడమ జబ్బ మీద. ఈ ఎడమ జబ్బను గుర్తు పెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నన్ను వేసింది నల్లగొండ జిల్లాలో, దేవరకొండ అవతల గుట్టల్లో ఉన్న ఒక దవాఖానకు. అక్కడి డాక్టరు గారు కోస్తా నుంచి వచ్చినాయన. మంచి మనిషి, చేతివాసి ఉన్నవాడు. కానీ రోగులు చెప్పేది ఆయనకు తెలియదు, ఆయన చెప్పేది రోగులకు తెలియదు. తెలుగుకూ తెలుగుకూ మధ్య నిలబడి మాట మార్చి చెప్పడం నా మొదటి ఉద్యోగం, టీకాలు రెండో ఉద్యోగం. నాకంటే ముందు నుంచి టీకాలు వేస్తున్న ఇంకొకాయన ఉండేవాడు. నిజాం జమానాలో కొలువుకు చేరినవాడు, ఎంత ఎండలోనైనా నల్ల షేర్వానీ గుండీలు విప్పేవాడు కాదు. అందరం ఆయన్ను సాబ్ అనే పిలిచేవాళ్ళం. ఏ ఊరికి పోయినా సాబ్ ముందు చాయ్ ఎవరింట్లో దొరుకుతుందో కనుక్కునేవాడు, టీకా సంగతి తర్వాతే ఎత్తేవాడు. బద్ధకమని నేను అనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఎండలు ముదిరేటప్పుడు మా దవాఖాన కిందికొచ్చే ఒక ఊళ్ళో మశూచి తేలింది. దానికి ఎగువన గుట్ట మీద పెద్ద తండా ఉంది, అక్కడ ఎవరికీ ఎన్నడూ టీకా పడలేదు. పైగా తండా నాయక్ బిడ్డ పెండ్లి దగ్గరపడింది. లంబాడి పెండ్లంటే నాలుగు దిక్కుల తండాలూ దిగుతాయి, రోజుల తరబడి ఒకే పొయ్యి కూడు, ఒకే పందిరి నీడ. రోగం వచ్చిన ఊరి పక్క నుంచి కూడా చుట్టాలు వస్తారు. డాక్టరు గారు మమ్మల్ని పిలిచి, పెళ్ళి లోపల ఆ తండాలో టీకా పడని మనిషి ఉండకూడదని చెప్పారు. ఆ పందిట్లోకి మశూచి ఒక్కసారి దూరిందంటే గుట్టల్లో ఉన్న పసిపిల్లల్లో ఎందరు మిగులుతారో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

మొదటిసారి పద్ధతి ప్రకారం పోయాం. ఊరి నుంచి డప్పు కొట్టే మనిషిని ముందు నడిపించి, 'సర్కారు టీకాలొస్తున్నయ్' అని చాటించుకుంటూ గుట్ట ఎక్కాం. పైకి చేరేసరికి తండాలో కుక్కలు, ఒక కుంటి మేక తప్ప ప్రాణి లేదు. పొయ్యిల మీద జొన్న గటక ఇంకా ఉడుకుతూనే ఉంది. మనుషులంతా ఎదురు గుట్ట మీద రాళ్ళ చాటున కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ళు పారిపోవడానికి సరిపడా టైమిచ్చింది మా డప్పే. సాబ్ ఒక అరుగు మీద కూర్చుని చుట్టూ చూసి, చాయ్ దొరకదని రూఢి చేసుకుని, పద బేటా అని లేచాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. చదువుకున్నవాణ్ణి కదా, జనం ఎందుకు పారిపోయారో ఆలోచించాను. లంబాడీలు సీత్లా అని అమ్మవారిని కొలుస్తారు, తండా బయట ఆమెవి రాళ్ళు పెట్టుకుంటారు. టీకా వేస్తే సీత్లాకు కోపమొస్తుందని వాళ్ళ భయమని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ భయానికి జవాబుగా పెద్ద ఉపన్యాసం తయారుచేసి, దవాఖాన వెనక చింతచెట్టుకు చెప్పి చెప్పి కంఠతా పట్టాను.

రెండోసారి డప్పు లేకుండా, ఒక్కణ్ణే సైకిల్ తోసుకుంటూ ఎక్కాను. నాయక్ మర్యాదస్తుడు. ఎర్ర రుమాలు సర్దుకుని కూర్చోమని చెప్పి, చెంబుతో నీళ్ళిచ్చాడు. పక్కనే నులక మంచం మీద వాళ్ళ నాయిన చుట్ట తాగుతున్నాడు. నాయక్ తల్లి గడపలో కూర్చుని నన్ను ఎగాదిగా చూస్తున్నది. వాళ్ళ భాషలో తల్లిని యాడి అంటారు. తండా అంతా ఆమెను యాడి అనే పిలుస్తుంది, నేనూ అట్లాగే పిలిచాను. మెల్లమెల్లగా ఆడవాళ్ళు అద్దాల లంగాలు గలగలమనుకుంటూ వచ్చి దూరంగా నిలబడ్డారు. ఇదే అదనని నేను లేచి సీత్లా ఉపన్యాసం మొదలుపెట్టి, చింతచెట్టుకు చెప్పినదానికి ఒక్క మాట తగ్గకుండా చెప్పాను.

యాడి అంతా విన్నది. విని, "సీత్లాకు మాకు నడుమ నువ్వెందుకు బిడ్డా. గా తల్లితోని మేం మాట్లాడుకుంటం. నువ్వు సూది యాడ పొడుస్తవో గది చెప్పు" అన్నది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ జబ్బ మీద అన్నాను. ఆమె లేచి వచ్చి, ముసుగు పక్కకు తీసి, ఎడమ చెయ్యి నా ముందుకు చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి గాజులు. మోచేతి పై నుంచి భుజం దాకా మళ్ళీ తెల్లటి గాజులు, ఒకదానికొకటి ఆనుకుని. వేలు పెట్టడానికి కూడా సందు లేదు. ఎన్నో తండాల పక్క నుంచి పోయాను, సంతల్లో ఈ గాజులు ఎన్నోసార్లు చూశాను. అవి నా రూలుకు అడ్డమొస్తాయని మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు. నేను సూది చేత్తో పట్టుకుని, ఏదో తలుపు తియ్యమన్నంత తేలిగ్గా, పై గాజులు తియ్యి యాడీ అన్నాను.

ఒక్క గాజు చప్పుడు లేదు. మంచం మీద ముసలాయన చుట్ట నోట్లో నుంచి తీసి నా దిక్కు చూశాడు. మోచేతి పైన గాజులు లంబాడి ఆడదానికి మొగుడు పోతేనే దిగుతాయి. పెండ్లినాడు ఎక్కినవి ఆయన బతికున్నంత కాలం కదలవు. ఆ సంగతి నాకు తెలియదు. నేనొచ్చి, నిండు తండాలో, మొగుడు పక్కన కూర్చుని ఉండగా, ఆ గాజులు తియ్యమన్నాను.

"గీయన నీకేం జేసిండు?" అన్నది యాడి, మొగుడి దిక్కు చెయ్యి చూపించి.

నేను నోరు తెరిచేలోపలే ఆడవాళ్ళంతా ఒక్కసారి మొదలుపెట్టారు. వాళ్ళ భాష నాకు రాదు కాబట్టి తిట్లలో సగం తప్పిపోయాయి, మిగతా సగం సరిపోయాయి. గుట్ట దిగేటప్పుడు సైకిల్ నన్ను తోసిందో నేను సైకిల్‌ను తోశానో చెప్పలేను.

మరునాటికల్లా ఆ కబురు గుట్టలన్నీ తిరిగింది. ఏ తండాకు పోయినా ఆడవాళ్ళు చేతులు ముసుగులో దాచుకుని తలుపులు వేసుకునేవాళ్ళు. ఆడోళ్ళను ముండ మోపించే సారు వచ్చిండని పిల్లలు ముందే అరిచేవాళ్ళు. నేను డాక్టరు గారికి సంగతి చెప్పి, ఇంకోచోట వెయ్యొచ్చా అని అడిగాను. ఆయన తల పట్టుకున్నారు. రూలులో ఎడమ జబ్బ అని ఉందని, పై ఆఫీసును అడుగుతానని అన్నారు. పై ఆఫీసు జవాబు పంపేసరికి నాయక్ బిడ్డకు పెండ్లే కాదు, పురుడు కూడా అయిపోతుందని మాకిద్దరికీ తెలుసు.

చివరికి సాబ్ నన్ను వెంటపెట్టుకుని తండాకు తీసుకుపోయాడు. టీకా మాట ఎత్తలేదు. బెల్లం, చాయ్ పొడి తనే తెచ్చి యాడి పొయ్యి మీద చాయ్ పెట్టించాడు. పెండ్లి సంగతి, మేకల సంగతి, ముసలాయన దగ్గు సంగతి అన్నీ అడిగి, ఆఖర్న నన్ను చూపించి, "పోరడు సాలోళ్ళింట్ల పుట్టిండు అమ్మా, దారం సంగతి తప్ప వీనికేం తెల్వదు, మాఫ్ చెయ్యి" అన్నాడు. ఆ తర్వాత కింది ఊళ్ళో రోగం ఎట్లా ఉందో, ఎవరి పిల్లలు పోయారో మెల్లగా చెప్పాడు. గొంతు పెంచలేదు, ఉపన్యాసం చెప్పలేదు. యాడి పెండ్లికూతురైన మనవరాలి దిక్కు చూసింది.

చూసి, "నీ సూది నా గాజుల జోలికి రాదని నాకెట్ల తెలుస్తది? ముందుగాల గీ ముసలోనికి ఎయ్యి. గీయన మంచిగుంటే అప్పుడు మాట్లాడుదం" అన్నది.

ముసలాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. తనకు ఏ రోగమూ లేదనీ, తనకెందుకనీ అడిగాడు.

"గాజులు నావైనా వాటి పానం నువ్వే గద" అన్నది యాడి.

ఆయన చెయ్యి చాపాడు, నేను మందు చుక్క వేసి సూది తిప్పాను. ఆయన జబ్బ మీద ఏ అడ్డమూ లేదు, రూలు ప్రకారం చక్కగా పడింది. నేను సంచీ సర్దుకుంటుంటే నాయక్ నా సైకిల్‌ను ఎత్తి తీసుకుపోయి ఇంటి దూలానికి తాడుతో వేలాడగట్టాడు. నాయిన లేచి తిరిగేదాంక నువ్వు ఈడనే ఉంటవు సారూ అని ఎంతో మర్యాదగా చెప్పాడు. అది మా అత్తగారింటి వాళ్ళు పెట్టిన సైకిల్. అది లేకుండా ఇంటికి పోతే మా ఆవిడ నన్ను గడప ఎక్కనియ్యదు. సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఫికర్ చెయ్యకు బేటా, మంచి మనుషులు" అని నా భుజం తట్టి ఒక్కడే గుట్ట దిగిపోయాడు.

టీకా పడినవాడికి మొదటి రోజుల్లో ఏమీ ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు, ముసలాయనకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేవాడు కాదు. సూది తీసిన గడియ నుంచే మూలగడం మొదలుపెట్టాడు. ఆయన బతికితే తండా ఆడవాళ్ళందరి గాజులూ నిలుస్తాయి కాబట్టి ఆడవాళ్ళంతా ఆయన మీద పడ్డారు. ఒకామె కోడి కోసింది, ఒకామె నెయ్యి తెచ్చింది. ఇంకొకామె పెండ్లికి దాచిన కల్లు కుండలో నుంచి ముంత నింపింది. పొద్దున నడుము నొప్పి అనేవాడు, పగలు కళ్ళు తిరుగుతున్నాయనేవాడు. కోడికూర వాసన వస్తే మాత్రం లేచి కూర్చునేవాడు. ఆయన పక్కన కూర్చుని విసనకర్ర విసిరే పని నాది. జీవితంలో అంత సుఖపడ్డ రోగిని నేను మళ్ళీ చూడలేదు. నాకేమో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు.

వారం తిరిగేసరికి పొక్కు నీరు పట్టింది. చంకలో బిళ్ళ కట్టింది. జ్వరం వచ్చింది, ఈసారి నిజమైనది. కోడికూర తెస్తే మొహం తిప్పేసుకున్నాడు. తండాలో నవ్వులు ఆగిపోయాయి. టీకా పట్టిందనడానికి అదే గుర్తు. నేను సంతోషపడవలసిన రోజు అది. కానీ ముసలాయన ఊపిరి తీస్తుంటే లోపల గరగరమనే చప్పుడు వినిపిస్తున్నది, ఆ పాత దగ్గు ఒకటుంది. ఈ మనిషికి ఏమన్నా అయితే ఈ తండాలోనే కాదు, గుట్టల్లో ఏ తండాలోనూ ఏ తల్లీ తన పిల్లను నా ముందు కూర్చోబెట్టదు. పెండ్లి ఆగదు, మశూచి ఆగదు. నేను తడిగుడ్డ ఆయన నుదుటి మీద వేస్తూ, తెలిసిన దేవుళ్ళనందరినీ తలుచుకున్నాను. ఇంకొకరి మొగుడి కోసం అంతగా మొక్కుకున్న సర్కారు నౌకరు నేనొక్కణ్ణే అయ్యుంటాను. సీత్లాను కూడా వదలలేదు.

యాడి గడపలో కూర్చుని తన పై గాజులు ఒక్కొక్కటే పట్టుకుని చూసుకుంటున్నది. చాలాసేపటికి నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. పోతడా?"

"పోడు యాడీ."

"నీకెట్ల ఎరుక?"

అంగీ గుండీలు విప్పి నా ఎడమ జబ్బ చూపించాను. చిన్నప్పుడు పడ్డ టీకా మచ్చ. నాకూ ఇట్లాగే పొక్కు లేచి, ఇట్లాగే జ్వరమొచ్చిందని చెప్పాను. ఆమె దగ్గరకొచ్చి ఆ మచ్చ మీద వేలు పెట్టి తడిమింది.

"గప్పుడు మీ అమ్మ ఏం జేసింది?"

"ఏడ్చింది. టీకాలాయన్ను తిట్టింది. నా పక్కనే కూసున్నది."

యాడి తల ఊపింది. నా సీత్లా ఉపన్యాసం మొత్తానికీ ఆమె అట్లా ఒక్కసారి తల ఊపలేదు. లోపలికి పోయి ముసలాయన పక్కన కూర్చుని, నా చేతిలో విసనకర్ర తీసుకుంది. పోయి జర తిను, పొద్దటి సంది తినలేదు నువ్వు అన్నది నాతో. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరపకాయ తొక్కు మీదకు నెట్టేశాను.

జ్వరం ఎట్లా వచ్చిందో అట్లాగే దిగింది. ఒక పొద్దున ముసలాయన లేచి కూర్చుని, చుట్ట ఏది అని అడిగాడు. ఆ తర్వాత, తను పడుకున్నప్పుడు మిగిలిన కోడికూర ఎవరు తిన్నారని అడిగాడు. యాడి ఆయన ముఖం వంక చూసి, బయటికొచ్చి తండా నడిమధ్య నిలబడి తమ భాషలో ఒక్క కేక పెట్టింది. ఇండ్లల్లో నుంచి నవ్వులు లేచాయి. నాయక్ నిచ్చెన వేసి నా సైకిల్‌ను దించాడు.

అప్పుడు యాడి వచ్చి నా ముందు చతికిలబడి, వీపు నా దిక్కు తిప్పి, ముసుగు పక్కకు జరిపింది. వాళ్ళ రవికెకు వెనక గుడ్డ ఉండదు, దారాలతో కట్టుకుంటారు. ఎడమ భుజం వెనక, రెక్క ఎముక మీద, అరచేయంత జాగా చూపించింది.

"ఈడ ఎయ్యి" అన్నది.

నేను మళ్ళీ రూలు దగ్గరికే వచ్చాను. ఏం చేస్తాం, నౌకరీ. ఎడమ జబ్బ మీద వెయ్యాలని సర్కారు చెప్పిందన్నాను. ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"గా సర్కారుకు వీపు లేదా?"

దానికి జవాబు చెప్పే హోదా నాది కాదు. నాయక్ తమ్ముణ్ణి నా సైకిల్ మీద దవాఖానకు పంపాను. మధ్యాహ్నానికి డాక్టరు గారు, సాబ్, కొత్త మందు ఫ్లాస్కు, అందరూ ఎద్దుల బండి మీద గుట్టెక్కారు. డాక్టరు గారు ముసలాయన పొక్కు చూసి సంతోషించారు. తర్వాత యాడి ప్రశ్న నేను ఆయన తెలుగులోకి మార్చి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, యాడి చూపించిన జాగా చూశారు.

"జబ్బకు ముందు వైపు ఉన్నట్టే వెనక వైపు కూడా ఉంటుంది కదండీ" అన్నారు చివరికి. "ఇది కాస్త ఎక్కువ వెనక. కానివ్వండి."

ఆ పగలు తండా ఆడవాళ్ళంతా వరసగా వచ్చి నాకు వీపు పెట్టి కూర్చున్నారు. యాడి నా పక్కనే కర్ర పట్టుకుని నిలబడింది, నా చూపు సూది దగ్గరే ఉండాలని ముందే చెప్పింది. నేను తల ఎత్తలేదు. అంతమందికి టీకాలు వేశాను గాని ఒక్కరి ముఖం కూడా చూడలేదు. మగవాళ్ళకు, పిల్లలకు సాబ్ జబ్బల మీద వేశాడు. పెండ్లికూతురు వచ్చినప్పుడు డాక్టరు గారి ముఖం వెలిగింది. పెండ్లి కాలేదు కాబట్టి ఆమె మోచేతి పైన గాజులు లేవు, ఎడమ జబ్బ బోసిగా ఉంది. ఈ తండా ఆడవాళ్ళలో ఒక్కరికైనా పద్ధతి ప్రకారం వేద్దాం అన్నారు. నేను మందు చుక్క వెయ్యబోతుంటే యాడి కర్ర అడ్డం పెట్టింది. వారానికి పొక్కు లేస్తుందని నేనే చెప్పాను కదా, అప్పుడే పెండ్లి, అప్పుడే ఆ చేతికి గాజులెక్కుతాయి, పొక్కు మీద గాజులెక్కిస్తారా అని అడిగింది. డాక్టరు గారు ఒక్క నిట్టూర్పు విడిచి, వెనక వైపే అన్నారు.

పెండ్లి జరిగింది. మేము భయపడ్డట్టే, కింది ఊరి పక్క నుంచి వచ్చిన చుట్టాల్లో ఒకడు పందిట్లో జ్వరంతో పడిపోయాడు, రెండు మూడు రోజులకు పొక్కులు తేలాయి. అతణ్ణి దూరంగా ఒక గుడిసెలో పెట్టాం. నీళ్ళు, గంజి ఎవరు తీసుకుపోతారని అడిగితే అందరికంటే ముందు లేచింది ముసలాయనే. తను అందరికంటే ముందు పరీక్ష పాసైన మనిషినని, తనకేమీ కాదని చెప్పి, జబ్బ మీది పక్కు అందరికీ కనిపించేటట్టు అంగీ చెయ్యి పైకి మడిచి, గంజి చెంబు పట్టుకుని నడిచాడు. ఆ మనిషి బతికాడు. తండాలో ఇంకెవరికీ రోగం రాలేదు, ఒక్క పసిపిల్లకు కూడా రాలేదు. ఆ తర్వాత మిగతా తండాల్లో నేను నచ్చజెప్పనక్కర లేకపోయింది. యాడి కబురు నాకంటే ముందు పోయేది. నేను పోయేసరికి ఆడవాళ్ళు వీపులు తిప్పుకుని తయారుగా కూర్చుని ఉండేవాళ్ళు.

ఒక్కసారే ఇబ్బంది వచ్చింది. జిల్లా నుంచి ఒక పెద్దాఫీసరు టీకాలు పడ్డాయో లేదో తనిఖీ చెయ్యడానికి తండాకు వచ్చాడు. ఆడవాళ్ళ చేతులు చూశాడు, భుజం దాకా గాజులు. టీకాలు ఎక్కడ వేశావని నా మీద కళ్ళెర్రజేశాడు. నేను విడమరిచి చెప్పేలోపలే యాడి ఒక మాట అన్నది, తండా ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అటు తిరిగి ఆయనకు వీపులు చూపించారు. తనను అవమానించారనుకుని ఆయన వెనక్కి తిరిగి జీపు దాకా పోయాడు. సాబ్ వెంటపడి, చాయ్ తాగించి, నచ్చజెప్పి తీసుకొచ్చి మచ్చలు చూపించాల్సి వచ్చింది.

కొన్నేండ్ల తర్వాత, అరవైలు అయిపోవస్తుండగా, నేను ఇంకో దవాఖానకు మారాను. ఒక సంతరోజు మునిమనవణ్ణి చంకనేసుకుని యాడి వచ్చింది. ఆనాటి పెండ్లికూతురి కొడుకు. వాడికి టీకా వేశాను, ఏడ్చాడు, యాడి నన్ను తిట్టింది, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తర్వాత ఆమె బల్ల మీద కూర్చుని, తన టీకా పాతబడ్డదని, తనకూ వెయ్యమని, ముసుగులో నుంచి ఎడమ చెయ్యి తీసి నా ముందుకు చాపింది.

మోచేతి పైన ఒక్క గాజు లేదు. ఒక జీవితకాలం ఎండ సోకని చర్మం, మిగతా చేతికి సంబంధం లేనట్టు పాలిపోయి ఉంది.

"నీ సూదితోని కాదులే, ఫికర్ చెయ్యకు. దగ్గుతోని పోయిండు" అన్నది. "ఆఖరిదాంక గా మచ్చ అందరికి సూపిచ్చుకుంటనే ఉన్నడు."

ఆమె చెయ్యి ఇంకొంచెం ముందుకు జరిపింది.

"ఇప్పుడు జాగా ఉన్నది బిడ్డా. మీ సర్కారు చెప్పినకాడనే ఎయ్యి."

మందు తీసి సూది పట్టుకున్నాను. ఆ చేతి దాకా తీసుకుపోయాను. ఎన్ని వేల జబ్బల మీద వేశానో, ఆ ఒక్క జబ్బ మీద మాత్రం నాకు చెయ్యి ఆడలేదు.

"అటు తిరుగు యాడీ" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. నవ్వింది. ముసుగు పక్కకు జరిపి, మెల్లగా వీపు తిప్పి కూర్చుంది. పాత మచ్చ పక్కనే వేశాను.